కోటు కింద కనబడకూడనిది

ముందు మంచి వార్త. నేను డిగ్రీ పాసయ్యాను. నాన్న వైపు, అమ్మ వైపు ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా మా వాళ్ళలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పగలు గల్ఫ్‌లో దర్జీ పని, లేబర్ క్యాంపులో పై మంచం మీద పుస్తకాలు, సెలవు దొరికినప్పుడు ఇండియా వెళ్ళి పరీక్షలు. దూరవిద్యలో ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇక్కడే అల్ హిలాల్‌లో ఒక ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం కూడా వచ్చింది. ఎవరు కనబడినా చెబుతున్నాను. లిఫ్టులో తెలియనివాళ్ళకి కూడా చెప్పాను.

ఫలితం వచ్చిన రోజు సంగతి మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

అప్పటికి నేను అల్ ఘర్రాఫాలో మా బావ దగ్గర పనిచేస్తున్నాను. బావ అంటే అక్క మొగుడు, సిరిసిల్ల మనిషి, ఆ షాపులో కటింగ్ మాస్టర్. నా వీసా ఆయనే మాట్లాడి తెప్పించాడు. షాపుకి ఏదైనా అయితే ముందు ఆయన వీసా పోతుంది, వెనకే నాది.

ఆ ఎండాకాలం ఒకాయన కోటు కుట్టించుకోవడానికి వచ్చేవాడు. ఉర్దూ మాట్లాడేవాడు. ఏదో పెద్దింట్లో అంగరక్షకుడు. ఏ ఇల్లో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. బావ ఆయన్ని సాబ్ అనేవాడు. షాపు మూసి ఉండే మధ్యాహ్నం వేళే వచ్చేవాడు. మేం షట్టర్ సగం ఎత్తితే వంగి లోపలికి వచ్చి, మళ్ళీ తనే కిందికి లాగేవాడు.

మొదటిరోజే కటింగ్ బల్ల మీద నీలంరంగు ప్లాస్టిక్ పిస్తోళ్ళు రెండు పెట్టాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పేలవు. బరువూ ఆకారమూ మాత్రం అసలువాటివే. కోటు కింద నడుం దగ్గర తోలు ఒరలో పెట్టుకుంటే పైకి తెలియకూడదు. డ్యూటీకి ఈ రెండింట్లో ఏది తీసుకోవాలో ఆయన తేల్చుకోవాలి.

"పెద్దది చేతికి నిండుగా ఉంటుంది. చిన్నదాంట్లో చిటికెన వేలికి చోటు లేదు. పదిహేడేళ్ళ అలవాటు నాది. పెద్దదాన్ని దాచే కోటు కుట్టు మాస్టర్," అన్నాడు.

తర్వాత వేలు ఎత్తి నా వైపు చూపించాడు. "ఫోటో మాఫీ. బయట మాట మాఫీ. సంఝే?" మాఫీ అంటే ఇక్కడ కూడదని.

గొట్టం పొడుగుతో ఇబ్బంది ఉంటుందని నేను అనుకున్నాను. బావ నవ్వాడు. "గొట్టం ప్యాంటు లోపలికి దిగుతది బామ్మర్దీ, దాన్ని ఎవడు చూస్తడు? పిడి ఉంది సూడు, పిడి. అది నడుం మీదికి పొడుసుకస్తది. మనిషి వంగిండంటే కోటును ఎనకనుంచి పొడుస్తది." బావకి చిన్నదే నయమని ఉంది. అయినా నడుం దగ్గర కొంచెం వదులు ఇచ్చి, లోపల దళసరి లైనింగ్ వేసి, పెద్దదాన్నే దాచాలని రెండుసార్లు విప్పి కుట్టాడు.

ట్రయల్ రోజు సాబ్ పైపైన టాకాలు వేసిన కోటూ, పెద్ద పిస్తోలూ తీసుకుని తెర వెనక్కి వెళ్ళాడు. చిన్నది బల్ల మీదే ఉంది. అప్పుడే నా ఫోన్ మోగింది. చూస్తే ఫలితం. పాస్.

నేను అరిచినట్టున్నాను. బావ కత్తెర కింద పెట్టి నన్ను కావలించుకున్నాడు. నేను వెంటనే ఊరికి వీడియో కాల్ చేశాను. ఫోటో వద్దన్నది నాకు గుర్తుంది. వీడియో కాల్ ఫోటో కాదనే అనుకున్నాను.

ఫోన్‌లో చెల్లె, పక్కన అమ్మ. అమ్మ ఫోన్ దగ్గరికి జరిగింది. "అల్లున్ని సూపియ్యి బిడ్డా, ఏం తింటుండో ఏమో, బక్కగైండా?" అంది. నేను ఫోన్ బావ వైపు తిప్పాను. సరిగ్గా అప్పుడే సాబ్ తెర తొలగించుకుని బయటికి వచ్చి, బావ వెనకున్న అద్దం ముందు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. నేను ఫోన్ దించేశాను. రెండు క్షణాలు, అంతే. ఆయన తల ఎత్తలేదు.

నడుం దగ్గర ఇంకొంచెం సరిచేస్తామని బావ కోటు విప్పించాడు. నమాజుకి వెళ్ళి వస్తానని సాబ్ వెళ్ళాడు.

పావుగంటకి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపు నుంచి మా ఊరివాడు ఫోన్ చేశాడు.

"ఏందిరో, దర్జీ పని ఇడిసిపెట్టి తుపాకుల దుక్నం పెట్టినవా?"

"ఏం తుపాకులు?"

"మీ చెల్లె స్టేటస్ చూడు. మీ బావ ముంగట బల్ల మీద పిస్తోల్. ఎనక ఇంకోడు వంగిండు. మా రూముల అందరు జూస్తున్నరు."

చెల్లె ఆ రెండు క్షణాల్లోనే స్క్రీన్‌షాట్ తీసింది. "మా అన్న దుబాయ్‌ల ఉండుకుంట డిగ్రీ పాసైండు" అని రాసి, పూల బొమ్మలు చుట్టూ పెట్టి, స్టేటస్‌లో వేసింది. మా ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. బావ నా ఫోన్ లాక్కుని చూశాడు. ఆయన ముఖం ఏసీలో కూడా తడిసిపోయింది.

"తీసెయ్యమను. ఇప్పుడే తీసెయ్యమను. సాబ్‌కు ఒక్క ముక్క చెప్పినవంటే ఇద్దరం విమానమెక్కుతం."

చెల్లెకి ఫోన్ చేశాను. తీసెయ్యమంటే కారణం అడిగింది. చెప్పలేదు. "ఎవరెవరు చూసిన్రు?" అన్నాను.

"మస్తుమంది చూసిన్రన్నా! చదవన్నా?" అంటూ ఒక్కొక్క పేరే గొప్పగా చదివింది. చిన్నాయన, పెద్దమ్మ కొడుకు, మగ్గాల షెడ్డు ఓనరు. నలభై ఒక్కమంది. ప్రతి పేరుకీ సంబరంగా ఒక మాట చేర్చింది. నేను ఊఁ కొడుతూ విన్నాను. రాత్రికి తీసేస్తానంది.

సాబ్ తిరిగి వచ్చాడు. షట్టర్ దించాడు. నా వైపు చూసి, "ముబారక్. డిగ్రీ పాసయ్యావట," అన్నాడు.

నేను ఆయనకి చెప్పలేదు. తెర వెనక నుంచి విని ఉండొచ్చు. డిగ్రీ, పాస్ అన్న మాటలు ఏ భాషవాళ్ళకైనా తెలుస్తాయి. కానీ అప్పుడు నాకు అలా తోచలేదు. అన్నీ తెలిసే అడుగుతున్నాడనుకున్నాను. బావ నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. నేను మొత్తం చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. ఫోన్ తీసుకుని ఆ బొమ్మని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ముఖం లేదు, వీపే ఉంది. కోటు వెనక భాగంలో, కుడి నడుం పైన, ఒక కొస పొడుచుకుని ఉంది. అద్దం ముందు నిటారుగా నిలబడినంతసేపూ అది మాకు కనబడలేదు. ఊళ్ళో మా పెద్దమ్మ కొడుక్కి కూడా కనబడేలా ఉంది.

"చిన్నదే," అన్నాడు బావతో. "పెద్దది దాగదు."

తర్వాత బల్ల మీద ఉన్న బిల్లుబుక్ నా ముందుకు తోశాడు. "ఎవరు చూశారో రాయి. చదువుకున్నవాడివి కదా. అందరివీ రాయి. ఇక్కడ పనిచేసేవాళ్ళకి పక్కన గుర్తు పెట్టు."

"సాబ్, పల్లెటూరోళ్ళు సాబ్, ఏం తెల్వదు వాళ్ళకు," అన్నాడు బావ, తెలుగులోనే.

నేను రాశాను. చెల్లె గొంతులో విన్న పేర్లు ఒక్కటీ మర్చిపోలేదు. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు. నలభై ఒకటీ రాసి పెన్ను కింద పెట్టాను.

"ఇది వేసింది ఎవరు?"

చెల్లె పేరు అన్నిటికంటే పైన రాశాను. నేను డిగ్రీ పాసయ్యాక మొదట రాసిన కాగితం అదే.

ఆయన కాగితం మడిచి, కోటు తొడుక్కుని, మేం కుట్టిన లోపలి జేబులో పెట్టుకున్నాడు. జేబు సరిగ్గా సరిపోయింది. మళ్ళీ కాగితం తీసుకుని, కోటు మాకే వదిలి వెళ్ళాడు. మర్నాడు డ్రైవర్ వచ్చి చిన్నదాని కొలతకి సరిచేసిన కోటు తీసుకుపోయాడు. సాబ్ మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. షాపు ఉంది, బావ ఉన్నాడు, నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. ఆ రోజు మాట బావ ఎత్తడు. ఊరికి మాట్లాడాలంటే మాత్రం షాపు బయటికి వెళ్ళి, ఎండలో గోడకి వీపు ఆనించి మాట్లాడతాడు.

పోయిన గురువారం పెద్దమ్మ కొడుకు కొత్త వీసా మీద దిగాడు. తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. జాబితాలో వాడు పదిహేడోవాడు. విమానం దిగి గంట దాటింది. అదే విమానంలో వచ్చినవాళ్ళంతా బయటికి వచ్చేశారు. ఫోన్ కలవడంలేదు. నేను స్వీటు డబ్బా పట్టుకుని తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.

చివరికి వచ్చాడు, నవ్వుకుంటూ. "ఏలిముద్రలు పడుతలేవట అన్నా. మగ్గం మీద అరిగిపోయినయ్. పదిసార్లు పెట్టిచ్చిన్రు. నువ్వేంది గిట్ల చెమటలు కక్కుతున్నవ్?"

"డిగ్రీ పాసైన కదరా, స్వీటు తిను," అన్నాను.

వచ్చే నెల చిన్నాయన కొడుకు వస్తున్నాడు. వాడిది ముప్పై మూడో పేరు.