జామాకు వెనక వైపు రంగు

నిన్న మా ఎదురింటికి సున్నం వేస్తున్నారు. తొట్టిలో నీళ్లు పోయగానే సున్నపు రాళ్లు బుసబుసమని పొంగాయి, ఆ వెంటనే తడి సున్నం వాసన మా వంటింటిదాకా వచ్చింది. తరుగుతున్న వంకాయ అలాగే వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తాను. మా పిల్లలకు ఆ వాసన గిట్టదు, తలుపులు వేసేయమంటారు. నాకేమో ఒళ్లంతా పులకరిస్తుంది, నిజం! ఆ వాసన తగిలితే చాలు, మా అత్తమ్మ అండాళమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని, ముక్కు మీద సున్నపు చుక్కతో, నాంపల్లి ఇంటి కిటికీ ఊచల వెనక నిలబడి "ఏం పిల్లా, గిప్పుడెట్లున్నది?" అని కేకేసినట్టే ఉంటుంది.

ఆమెను చూడని వాళ్లకు ఆమె ఎలాంటిదో చెప్పాలి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అక్షరం ముక్క రాదు. కోపం వస్తే గిన్నెలు మోగేవి, సంతోషం వచ్చినా గిన్నెలే మోగేవి, ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. యుద్ధం రోజుల్లో నేను ఆ ఇంటి కోడలిగా వెళ్లాను. స్టేషనుకు దగ్గర ఇల్లు. రైలు కూత వేసినప్పుడల్లా అరలో ఇత్తడి చెంబులు సన్నగా వణికేవి. మా మామ సర్కారు దఫ్తరులో గుమాస్తా. ఉదయం షేర్వానీ వేసుకుని ఉర్దూలో మాట్లాడుతూ వెళ్లి, సాయంత్రం దోతి కట్టుకుని తెలుగులో విసుక్కునేవారు. ఇల్లు పెద్దదే కానీ మనుషులు అంతకంటే ఎక్కువ. మగవాళ్లు ముందు వసారాలో, ఆడవాళ్లు నడింట్లో వరసగా పడుకునేవాళ్లం. పెళ్లయి నెలలు గడిచినా నేనూ మా ఆయనా తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడుకున్నది లేదు. మాట్లాడితే ఎవరో ఒకరు "ఏందీ?" అని అడిగేవాళ్లు!

ఒకనాడు లంగా గుడ్డ కొనాలనే నెపంతో అత్తమ్మ నన్ను ఆబిడ్సు బజారుకు తీసుకుపోయింది. గుడ్డల దుకాణం దాటేశాం. "అత్తమ్మా, దుకాణం పోయింది" అన్నాను. "పోనీ, నడువ్" అంది. ఒక పెద్ద అంగడి ముందు ఆగింది. అద్దం వెనక ఒక పడకగది అమర్చి పెట్టారు, మనుషులు లేని గది. మంచం, దాని మీద దుప్పటి, కిటికీ తెర, వెనక గోడ, అన్నీ ఒకే రంగు. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చ కాదు, బూడిద అంటే బూడిదా కాదు. ఎండలో నడిచి వచ్చిన కళ్లకు హాయిగా ఉంది. లోపలి నుంచి సూటు వేసుకున్న ఒకాయన వచ్చి, మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, "సేజ్ గ్రీన్, అమ్మా" అన్నాడు. "గదేం చెట్టు?" అంది అత్తమ్మ. ఆయనకు తెలియదు. అత్తమ్మ కొంగుముడి విప్పి వాడిపోయిన జామాకు ఒకటి తీసింది. ఇంటి నుంచే తెచ్చుకుంది! దాన్ని వెనక్కి తిప్పి అద్దానికి ఆనించింది. అచ్చంగా అదే రంగు.

"చూసినవా? దినాం వచ్చి చూస్త. దారానికని ఒకసారి, సూదికని ఒకసారి" అంది నాతో. మళ్లీ నడుస్తూ, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "గీ ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె బిడ్డా. ఇయ్యాల ఈడ పండుకో అంటే ఈడ, రేపు ఆడ అంటే ఆడ. చుట్టపుచూపుగ వచ్చినదాని లెక్కనే ఉన్న. నువ్వట్ల ఉండొద్దు" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, జట్కాలు దాటడానికన్నట్టు.

మా ఇంట్లో వీధి వైపు ఒక గది ఉండేది. చింతపండు కుండలు, విరిగిన మంచాల కోళ్లు, పిడకలు అందులో. ఆ గది మీద అత్తమ్మ కన్ను పడేసరికి మామ కన్ను అప్పటికే పడి ఉంది. తన దోస్తు మేనల్లుడు చదువుకోవడానికి వస్తున్నాడట, వాడికి కిరాయికి ఇస్తానని మాట ఇచ్చేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద రగడే అయింది.

"శ్రావణం మొదటి రోజు వస్తడు పిలగాడు. మాటిచ్చిన" అన్నారు మామ.

"ఆషాఢం దాటకముందే గది నేను తయారు చేస్తే?"

మామ పకపకా నవ్వారు. "వానకాలంల సున్నమా? ఏ పాగల్‌గాడు వేస్తడు? సరే, తయారు చెయ్యి. తయారైతే నీ కోడలికే. పిలగాన్ని మా తమ్ముని ఇంటికి తోలుత."

"గీ మాట అందరు విన్నరా?" అని అత్తమ్మ నడింట్లోకి వినబడేలా అరిచింది. అందరూ విన్నారు. గది దక్కితే మా ఆయనతో ఒక మాట, ఒక తలుపు, నాదంటూ ఒక మూల. దక్కకపోతే మళ్లీ ఆ నడింట్లో వరసలోనే, ఎన్నేళ్లో!

అయితే ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. నన్ను కోఠిలో మా అమ్మ ఇంటికి పంపేశారు. గది ఇక్కడ, నేను అక్కడ. రెండో రోజే కబురు వచ్చింది: "కిటికీ కాడికి రా." మా అమ్మ లబలబలాడింది. నేను గొడుగేసుకుని వెళ్లాను. అత్తమ్మ గదిలో ఊచల వెనక, నేను వీధిలో అరుగు మీద, ఇద్దరి మధ్యా జామాకు. అది నాకు పట్టరానంత సరదాగా ఉండేది. సున్నంలో రంగులు కలిపి గోడ మీద ఆమె ఒక్కో చారా పూస్తుంటే నేను ఇటునుంచి "ఇంకొంచెం నీలిమందు! కాదు కాదు, పసుపు మట్టి!" అని అరవడం, ఆమె "ఆగు పిల్లా, ఊపిరాడనియ్యి!" అనడం, దారిన పోయేవాళ్లు ఆగి వాళ్ల సలహా వాళ్లు ఇవ్వడం. ఒక ముసలాయన అయితే సైకిలు గోడకు ఆనించి మరీ "జర మసి కలుపున్రి" అన్నాడు. కలిపాం. సరిగ్గా కుదిరింది.

మామ దఫ్తరు నుంచి వచ్చి అరుగు మీద నన్ను చూసి అదిరిపడ్డారు. "ఆషాఢంల గిదేం పని? తప్పు కాదా?"

"ఏం తప్పు? పిల్ల గడప దాటిందా? కిటికీ గూర్చి ఎవలన్న చెప్పిన్రా?" అంది అత్తమ్మ లోపలి నుంచి. మామ గొడుగు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి లోపలికి వెళ్లిపోయారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

సున్నం వేసే మల్లయ్య వానలో రానన్నాడు. అత్తమ్మ తనే కుంచె పట్టుకుంది, స్టూలెక్కి గోడలన్నీ ఒక్కతే వేసింది. మర్నాడు నేను కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి చూస్తే, అయ్యో, గోడలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి! తడి మీద ఉన్న రంగును ఆకుతో పోల్చుకున్నాం, ఆరాక సున్నం రంగును మింగేసింది. ఇద్దరికీ ఈ ఆలోచనే రాలేదు. నేను ఊచలు పట్టుకుని ఏడ్చేశాను. "ఏడుపెందుకే? ఆరితే తెల్లగైతదని తెలిసింది గద. ఇగ చిక్కగ వేస్త" అంది. వేసింది. అంత చిక్కగా వేస్తే ఆ గది నిజంగా భయంకరంగా తయారైంది. మామ వచ్చి చూసి, "బాయిల పాచి లెక్కున్నది. పిలగానికి కబురు పంపుతున్న" అన్నారు. దానికి తోడు ముసురు పట్టింది. గోడలు చేత్తో ముడితే నీళ్లు.

తెరలకు గుడ్డ ఎక్కడ? యుద్ధం రోజులు, బజార్లో బట్ట దొరకదు. ఒక మధ్యాహ్నం మామ పాత దోతులు పెట్టెలోంచి మాయమయ్యాయి, రంగులద్దే వాడి దగ్గరికి వెళ్లి జామాకు రంగులో తిరిగి వచ్చాయి. ఆ సంగతి నాకు కిటికీలోంచి చెబుతూ అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ గోడలు మాత్రం ఆరలేదు.

అమావాస్య నాడు, అంటే ఆషాఢం ఆఖరు రోజున, కిరాయి పిలగాడి ట్రంకు పెట్టె జట్కాలో వచ్చి మా అరుగు మీద దిగింది. నేను ఆ పెట్టె పక్కనే నిలబడి ఉన్నాను. అత్తమ్మ పెట్టెను చూసింది, నన్ను చూసింది, చేతులు కొంగుకు తుడుచుకుని వీధిలోకి వచ్చేసింది. నేను గభాలున గడపకు దూరంగా పక్కకు జరిగాను. ఆమె ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఒకటే కేక: "ఓ అక్కా, నీ కుంపటియ్యి! వదినే, నీ కుంపటియ్యి! బీబీజీ, ఆప్ కీ సిగ్డీ దేవో!" ఎందుకని ఎవరూ అడగలేదు. వాడంతా కిటికీ బాగోతం ముందునుంచీ చూస్తూనే ఉంది కదా! నిప్పులతో ఎర్రగా మండుతున్న కుంపట్లు ఒక్కొక్కటిగా మా గదిలోకి వచ్చాయి. పక్కింటి బీబీజీ అయితే తనది తనే మోసుకొచ్చి, గోడను తడిమి చూసి, "ఫికర్ నక్కో" అని ధైర్యం చెప్పింది. ఆ పూట ఆ వీధిలో ఎవరూ వేడి వంట తినలేదని తర్వాత తెలిసింది.

తెల్లారి పాడ్యమి. శ్రావణం వచ్చేసింది, నేను గడప దాటవచ్చు. పరుగున వచ్చాను. మామ గది మధ్యలో నిలబడి ఉన్నారు. గోడలు ఆరాయి. అబ్బ, ఏం రంగు! ఆబిడ్సు అద్దం వెనక గది దీని ముందు ఎందుకూ పనికిరాదు. దోతుల తెరలు గాలికి కదులుతున్నాయి, నవారు మంచం మీద అదే రంగు దుప్పటి. మామ తెర అంచు పట్టుకుని చూసి, "గిది నా దోతి" అన్నారు. గోడల వైపు తిరిగి, "కండ్లకు సల్లగున్నది" అని, బయటికి వెళ్లి జట్కావాడిని పిలిచి ట్రంకు ఎక్కించమన్నారు. నేను సిగ్గు మరిచిపోయి అత్తమ్మను గట్టిగా వాటేసుకున్నాను.

ఆ సాయంత్రం గది తలుపు మీద టకటకమని చప్పుడైంది. మా ఇంట్లో తలుపు కొట్టే అలవాటు ఎవరికీ లేదు. తెరిస్తే అత్తమ్మ! "లోపలికి రావచ్చునా?" అంది. నేను బిత్తరపోయి, "గదేంది అత్తమ్మా, మీ ఇల్లే గద" అన్నాను. "ఇల్లు నాదే. గది నీది" అంది. ఆ తర్వాత ఎన్నడూ కొట్టకుండా రాలేదు. ఆమెను చూసి ఇంట్లో మిగతావాళ్లు కూడా నేర్చుకున్నారు.

కొన్నేళ్లకు ఆమె గుండె బలహీనపడింది. చప్పుడు లేని చోట పడుకోబెట్టమని దవాఖానలో చెప్పారు. "నీ గది నాకెందుకే?" అని ఆమె గిన్నెలు మోగించినా వినకుండా నా మంచం మీద పడుకోబెట్టాం. మర్నాడు జావ తీసుకెళ్లి తలుపు కొట్టాను.

"ఎవలూ?"

"నేనే అత్తమ్మా."

"పాగలైనవా? నీ గదికి నువ్వే తలుపు కొడ్తవేంది?"

"ఇప్పుడు మీది గద."

జావ గిన్నె చేతుల్లో కాలుతోంది. లోపలి నుంచి పెద్దగా, దర్జాగా ఆ గొంతు వచ్చింది: "అయితే జర ఆగు!"

ఆగాను. లోపల ఆమె చేస్తున్న పనేమీ లేదు, మంచం కూడా కిర్రుమనలేదు. ఊరికే, నన్ను ఆపడానికే ఆపింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆమెకు ఇష్టమైనంతసేపు నిలబెట్టి, అప్పుడు "ఆఁ, ఇగ రా బిడ్డా" అంది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లల గది తలుపు కొడితే, లోపలి నుంచి "ఆగు" అంటారు. ఎంతసేపు ఆపినా నాకు కోపం రాదు. ఆగడం నాకు ఇష్టం.