సారె దాటిపోయిన గడపలు

నా పదవీ విరమణకు ముందు వచ్చిన ఎన్నికల వేసవిలో, నోటిఫికేషన్ వెలువడిన మర్నాడే నన్ను రాజోలు వైపు ఫ్లయింగ్ స్క్వాడ్ అధికారిగా వేశారు. అప్పటికి నేను సహకార శాఖలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని, సొంతూరు ఒంగోలు. ఓటర్లకు డబ్బో కానుకలో పంచుతున్నారని కబురందితే వెంటనే వెళ్ళి, వీడియో తీయించి, దొరికినదాన్ని సాక్షుల ఎదుట పంచనామా రాసి స్వాధీనం చేసుకోవడం ఈ స్క్వాడ్ పని. ఎన్నికలయ్యేదాకా మాకు మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉంటాయి. అధికారాలు ఘనమే గాని, జీపులో ఏసీ మాత్రం పనిచేసేది కాదు.

ఒక మధ్యాహ్నం గోదావరి వంతెన దగ్గర ఒక వ్యాను ఆపాం. నిండా గంగాళాల్లో లడ్డూలు, కాజాలు, పక్కన అరటిగెలలు, చీరల మూటలు. సూరిబాబు అనే ఆసామి దిగి, కొత్తగా పెళ్ళయిన తన అన్న కూతురు దేవిని అత్తారింటికి తీసుకెళుతున్నామని, ఇది ఆమె సారె అని చెప్పాడు. వెనక కారులో దేవి కూడా ఉంది. మా హెడ్ కానిస్టేబుల్ సత్యనారాయణ ఈ ప్రాంతం మనిషి. "సారె ఊరంతా పంచాలి కదండీ మేడమ్, ఈమాత్రం ఉంటుందండీ" అన్నాడు. మా వైపు సారె అంటే బుట్టెడు. ఇక్కడ వ్యానెడు! నోరు తెరుచుకుని చూసి, వదిలేశాను.

మర్నాడు దేవి అత్తారి ఊరినుంచే మహాలక్ష్మి గారనే పెద్దావిడ ఫోన్ చేసింది. "ఊళ్ళో సారె పంచేరండీ. మా గడప దాటి పోయేరు. ఏం, మేం మనుషులం కాదా అండీ? కేసు పెట్టండి!" అంది. సారె అందలేదని కేసేమిటని నాకు నవ్వాగలేదు. సత్యనారాయణ నవ్వలేదు. సారె పంచేటప్పుడు పగవాడి గడప కూడా వదలరని, ఎక్కడో తేడా ఉందని అన్నాడు. వెంటనే జీపెక్కాం.

వాకబు చేస్తే, దాటిపోయిన గడపలన్నీ ఎదుటి పార్టీ వాళ్ళవి. అందిన గడపల్లో మిఠాయితోపాటు చీర కూడా అందిందని ఆ అందనివాళ్ళే చెప్పారు. సారెలో చీరలు అత్తింటివాళ్ళకే పెడతారు, ఊరికి పంచేది మిఠాయే. సూరిబాబు ఒక అభ్యర్థికి కుడిభుజమట. ఎత్తు బాగానే వేశాడు గాని, ఓట్లు చూసుకుని పంచి దొరికిపోయాడు. అందుకున్నవాళ్ళని అడిగితే, "చీరలా? ఏ చీరలండీ?" అని ఎంత అమాయకంగా చూశారో!

దేవి అత్తారింటి అరుగుమీద కూర్చుని ఏడుస్తోంది. ఆ పిల్లకి ఇదేమీ తెలియదు. ఇకమీదట బతకాల్సిన ఊళ్ళో ఇన్ని గడపలకు ఆమె పేరుమీద అవమానం జరిగింది. పైగా సరుకంతా మేం పట్టుకుపోతే అత్తారింట తలెత్తుకోలేదు. సూరిబాబు మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా అమ్మ చేయించినవి మిఠాయిలేనండీ. ఆ మూటలు బాబాయి ఎక్కించేడండీ. పట్టుకెళ్ళిపోండి" అంది దేవి. మిగిలిన మూటలు విప్పించాను. అన్నీ ఒకే రంగు, ఒకే అంచు చీరలు. అత్తారింటికి అలా ఎవరూ పెట్టరు. చీరలకు మాత్రమే పంచనామా రాయించి, మిఠాయి వదిలేశాను. సాక్షి సంతకానికి ఊళ్ళో అందరూ తప్పుకున్నారు. మహాలక్ష్మి గారు కళ్ళజోడు తెప్పించుకుని మరీ పెట్టింది. సూరిబాబు మీద కేసు నమోదైంది. చీరల ఖరీదు అభ్యర్థి ఎన్నికల ఖర్చులో కలిసింది.

మేం బయల్దేరేలోపే దేవి మొహం కడుక్కుని, అత్తగారిని వెంటబెట్టుకుని, దాటిపోయిన గడపలన్నీ ఎక్కడం మొదలుపెట్టింది. మొదటిది మహాలక్ష్మి గారిదే. ఆవిడ కాజా కొరికి, "ఆయ్, ఇదీ సారె అంటే" అని పిల్ల బుగ్గలు పుణికింది. దేవి మాకూ పెట్టబోయింది. డ్యూటీలో ఏమీ తీసుకోకూడదని నేను అనేసరికి మా వీడియోగ్రాఫర్ మొహం చూడాలి!

ఆ తరవాత శిక్షణ తరగతుల్లో కొత్త స్క్వాడ్‌లకు నేను చెప్పింది ఒక్కటే. పంపిణీ జరిగిందన్న ఊళ్ళో అందుకున్నవాళ్ళ చుట్టూ తిరగకండి, వాళ్ళు చెప్పరు. ఎవరి గడప దాటిపోయారో కనుక్కుని ముందు అక్కడికి వెళ్ళండి.