నల్ల టేపు దగ్గర మావయ్య

మావయ్య పోయిన సంగతి నాకు మా పక్కకొట్టు జిరాక్సు ఆయన ఫోన్లో చెప్పాడు. అప్పుడు నేను గాజువాక బస్సులో మావయ్య కెమెరాల కొట్టుకే వెళ్తున్నాను. ఆయన ముందు నా పేరు అడిగాడు, తర్వాత ఎక్కడున్నావని అడిగాడు. "మీ మావయ్య టీ తాగి కుర్చీలో కూకున్నాడమ్మా. లేపితే లెగటం నేదు" అన్నాడు.

నేను వెళ్ళేసరికి టీ గ్లాసు బల్ల మీదే ఉంది. అడుగున కొంచెం మిగిలి ఉంది. మావయ్య ఏ రోజూ టీ పూర్తిగా తాగేవాడు కాదు. ఆఖరి గుక్క వదిలేస్తేనే మళ్ళీ తాగబుద్ధి అవుతుందనేవాడు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీది గదిలో ఉండేవాడు. మొదట్లో ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కరెంటు పనులు చేసి, తర్వాత చిన్న చిన్న కొట్లకి కెమెరాలు అమర్చే పనిలోకి వచ్చాడు. నా డిగ్రీ అయిపోయాక, ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. నిచ్చెన పట్టుకోవడం నా పని. ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో పుస్తకం. పై నుంచి స్క్రూ పడితే అందించాలి. అంతకుమించి మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు కాబట్టి ఆ పని నాకు బాగా నచ్చింది.

"కాన్వెంటోళ్ళు నీకు ఇంగిలీషు నేర్పిచ్చేరు గానీ నోరిప్పడం నేర్పలేదే" అనేవాడు పై నుంచి. నిజమే. మా సిస్టర్లు మాకు చప్పుడు చెయ్యకుండా నడవడం నేర్పారు. నేను అది అవసరానికి మించి నేర్చుకున్నాను.

కెమెరాలు కావాలని ఎవరైనా పిలిస్తే మావయ్య ముందు కెమెరా తీసుకెళ్ళేవాడు కాదు. ఖాళీ చేతులతో వెళ్ళి ఒక కుర్చీ అడిగేవాడు. ఒక మూల వేసుకుని ఆ పూటంతా కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఎక్కడ ఆనుకుంటారు, ఎండ ఏ వేళకి లోపలికి వస్తుంది, కొట్టాయన మాటిమాటికీ ఎటు తల తిప్పుతాడు, ఇవన్నీ చూసేవాడు. కొందరు విసుక్కునేవారు. సామాను రేటు చెప్పకుండా కూర్చుంటాడేమిటని నన్ను అడిగేవారు. నేను పుస్తకంలోకి చూసేదాన్ని. లేచే ముందు ఆయన అందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "నీ బయ్యం ఏటో సెప్పు. కెమెరా ఏదో నాను సెప్తాను."

ఒక కిరాణా ఆయన ఎక్కడో పెద్ద మాల్‌లో చూసి వచ్చి, అదే కావాలని పట్టుపట్టాడు.

"బావా, ఆ గుండ్రంగా తిరిగేది ఎట్టు. అన్ని పక్కలా సూత్తాది."

"అది అటు తిరిగినప్పుడు దొంగోడు ఇటు తిరుగుతాడు బావా. నీకు రెండు కళ్ళున్నాయి, మెడా తిరుగుతాది. అయినా సబ్బులు పోతన్నాయి కదేటి?"

కిరాణా ఆయన నవ్వేశాడు. చివరికి తిరగని కెమెరాలే రెండు పెట్టించుకున్నాడు. ఒకటి కొట్టంతా కనిపించేది. రెండోది కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ముఖమూ చేతులూ మాత్రమే కనిపించేది. అంతా ఒకే కెమెరాలో చూడాలనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. అలాంటి కెమెరాలో కొట్టు మొత్తం వస్తుంది కానీ మనుషులు అగ్గిపుల్లల్లా ఉంటారు. "అందరూ కనపడితే ఎవుడూ కనపడనట్టే" అనేవాడు మావయ్య.

వీధి గుమ్మానికి ఎదురుగా ఎప్పుడూ కెమెరా పెట్టేవాడు కాదు. బయటి వెలుగుకి లోపలికొచ్చే మనిషి ముఖం నల్లబడిపోతుందని. సముద్రం వైపు కొట్లకి బయట పెట్టే కెమెరా రేకుది కాకుండా ప్లాస్టిక్‌ది తెచ్చేవాడు. అతుకుల దగ్గర ఉప్పుగాలి సోకకుండా టేపు చుట్టి, ఆ చుట్టిన దాన్ని పసిపిల్ల చేతిని నిమిరినట్టు బొటనవేలితో నిమిరేవాడు. గోడలోకి వెళ్ళే ముందు తీగని కొంచెం కిందికి వేలాడేసి మళ్ళీ పైకి తీసుకెళ్ళేవాడు. వాననీరు తీగ వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఇప్పటికీ ఏ కొట్టు గోడ మీదైనా అలాంటి వంపు చూస్తే ఆగిపోతాను. అది ఎవరైనా చెయ్యగలిగే పనే. అయినా ఆగిపోతాను.

ఒకసారి ఒక టిఫిన్ హోటలాయన, వెనక వంటమనుషులు అన్నం తినే చోట కూడా ఒకటి పెట్టమన్నాడు. వాళ్ళు ఎంతసేపు కూర్చుంటున్నారో చూడాలట. మావయ్య నిచ్చెన దిగాడు.

"తినేకాడ నాను ఎట్టను. ఇంకెవుడి సేతైనా ఎట్టించుకో."

ఆయన నిజంగానే ఇంకెవరి చేతో పెట్టించుకున్నాడు. మావయ్య ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొంతకాలం ఆ హోటల్లో ఇడ్లీ మాత్రం తెచ్చుకోలేదు.

రికార్డింగు దాచే హార్డ్ డిస్కు విషయంలోనూ ఆయనకి ఒక పట్టు ఉండేది. రెండు వారాలు నిలిచేది చాలనేవాడు. ఆ తర్వాత కొత్తది వచ్చి పాతదాన్ని చెరిపేస్తూ ఉంటుంది. ఆరు నెలలది కావాలని అడిగినవాళ్ళకి కూడా ముందు ఈ మాటే చెప్పేవాడు. "కొట్టుకి అంత గేపకం ఎందుకమ్మా? రెండు వారాల్లో తెలీని దొంగతనం ఇంక తెలీదు. మిగిలిందంతా మనుసుల్ని అనుమానించడానికే."

అన్నీ బిగించాక చివరికి నడక ఉండేది. మావయ్య జేబులోంచి నల్ల టేపు తీసి, ఒక చిన్న ముక్క చింపి, కౌంటరు ముందు నేల మీద అతికించేవాడు. తను లోపల తెర ముందు కూర్చునేవాడు. "మా గుంట నడుత్తాది, సూడండి" అని నన్ను చూపించి కొట్టువాళ్ళతో చెప్పేవాడు. నేను గుమ్మంలోంచి లోపలికి నడిచి, టేపు మీద ఆగి, తలెత్తి కెమెరాలోకి చూసి, చెయ్యి ఎత్తాలి. తెలియని కొట్లో, తెలియనివాళ్ళ ముందు. మొదట్లో నా చెవులు కాలిపోయేవి. తల సగమే ఎత్తేదాన్ని. లోపలి నుంచి ఆయన తొందరపెట్టేవాడు కాదు. నేను పూర్తిగా తలెత్తేదాకా ఏమీ అనేవాడు కాదు. ఎత్తాక మాత్రం, వీధిలోకి వినబడేలా అనేవాడు. "ఆఁ, కనబడతన్నావ్."

గాజువాకలో, ద్వారకా నగర్‌లో, ఎన్ని కొట్లలోనో ఆ మాట విన్నాను. ఇంకెవరూ నాతో ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ వచ్చి ఉండదు.

మావయ్య దసరాకి ముందు పోయాడు. పెద్దకర్మకి ఫొటో కావలసి వచ్చింది. బీరువాలు వెతికాం, ఫోన్లు వెతికాం. ప్రతి ఫొటో ఆయన తీసిందే కాబట్టి దేన్లోనూ ఆయన లేడు. చివరికి గుర్తింపు కార్డు మీది ఫొటో పెద్దది చేయించాం. తడిసిన అద్దం అవతల నుంచి ఎవరో చూస్తున్నట్టు వచ్చింది. అమ్మ ఆ పటం ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"ఊరందరికీ కెమెరాలు ఎట్టేడు. ఆడి మొహం ఎక్కడా నేదు" అంది.

నేనూ ఆలోచించాను. ఎన్ని కొట్లలో పని చేసినా ఆయన నిచ్చెన మీదో, తెర ముందో ఉండేవాడు. కెమెరా ఎదట నడిచింది నేను. ఆ రోజు నుంచి అమ్మకి అదే దిగులు పట్టుకుంది. ఒక్కసారి వాడు కదలడం చూస్తే చాలనేది. అన్నం పెడుతూ అనేది, బట్టలు ఆరేస్తూ అనేది. ఎవరితోనో చెబుతున్నట్టు కాకుండా, తనలో తను అనేది.

దసరా వెళ్ళిన మర్నాడు మావయ్య ఫోను మోగడం మొదలైంది. అమ్మ దాన్ని రోజూ చార్జింగు పెడుతూనే ఉంది. ఆ ఫోన్లు ఎందుకో నాకు తెలుసు. ఏటా వచ్చేవే. దసరా పూజకి మా ఊరి కొట్లవాళ్ళు త్రాసుకీ, కత్తెరకీ, మోటారు సైకిలుకీ బొట్టు పెట్టినట్టే కెమెరాకీ పెడతారు. సరిగ్గా అద్దం మీద పెడతారు. పండగ అయ్యాక తెరంతా ఎర్రగా ఉందని ఫోన్లు చేస్తారు. మావయ్య ఒక్కరినీ విసుక్కోకుండా వెళ్ళి తుడిచి, కెమెరా నెత్తి మీద తనే బొట్టు పెట్టి, "వచ్చే ఏడు ఇక్కడ ఎట్టండి" అని చెప్పి వచ్చేవాడు. వచ్చే ఏడు మళ్ళీ అద్దం మీదే పెట్టేవారు.

నాకు ఫోన్లో మాట్లాడటం చేతకాదు. అయినా ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు, మరి ఆ ఎరుపు ఎలా పోతుందని మొహమాటంగా అడిగారు. మెత్తటి గుడ్డతో, నీళ్ళు పొయ్యకుండా తుడవమని చెప్పాను.

తర్వాత గాజువాక సందులో మేచింగ్ సెంటర్ ఆవిడ చేసింది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు అమ్మే చిన్న కొట్టు. మావయ్య అమర్చిన ఆఖరి కొట్టు అదే. ఆ రోజు నాకు మధురవాడలో ఇంటర్వ్యూ ఉంటే, నువ్వు పోయిరా అని ఆయనే పంపించాడు. సంగతి చెప్పగానే ఆవిడ, "అదేటమ్మా, మొన్నే కదా మా కొట్లో నడిసేరు" అంది.

"నడిచారా?"

"నువ్వు రానేదు కదా. నన్ను టీవీ కాడ కూకోబెట్టి ఆయనే నడిసేరు. సెయ్యెత్తేరు కూడాను."

నేను మనసులో రోజులు లెక్కపెట్టుకున్నాను. రెండు వారాలు దాటిపోయాయి. కానీ ఆవిడ మాటల్లోనే ఇంకో సంగతి చెప్పింది. కూతురి పురిటికని విజయనగరం వెళ్ళి, మెయిన్ స్విచ్ ఆపేసి, కొన్నాళ్ళు కొట్టు మూసేసిందట. ఆపి ఉంచితే కొత్తది రాదు. కొత్తది రాకపోతే పాతది చెరగదు.

అమ్మకి చెప్పాను. అమ్మ లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. షేర్ ఆటోలో సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్తున్నట్టు కూర్చుంది.

కొట్టులో కెమెరా అద్దం నిండా కుంకుమే. "మా అత్తగారమ్మా. కన్నున్నకాడే కదా బొట్టెట్టాలి అంది" అని ఆవిడ సంజాయిషీ చెప్పుకుంది. స్టూలెక్కి తుడిచాను. చేతికంటిన కుంకుమ కెమెరా నెత్తి మీద అద్దాను. వచ్చే ఏడు ఇక్కడ పెట్టండి అని చెప్పాలి. చెప్పలేకపోయాను.

అమ్మని తెర ముందు కూర్చోబెట్టి, రికార్డింగు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. ముందు ఎర్రటి రోజులు వచ్చాయి. తర్వాత మామూలు రోజులు. ఆడవాళ్ళు చీర మడత విప్పి, రంగు గుడ్డలు పక్కన పెట్టి చూసుకుంటున్నారు. తర్వాత కొట్టు మూసిన రోజులు. అక్కడ ఏమీ లేదు. దానికి ముందు మళ్ళీ మనుషులు. అమ్మ ప్రతి మగమనిషినీ ముందుకి వంగి చూస్తోంది. అలా వెళ్ళి వెళ్ళి రికార్డింగు ఒక ఉదయం దగ్గర ఆగిపోయింది. కొట్టావిడ షట్టరు ఎత్తి, చీపురు తీసుకుంటోంది. అది మావయ్య వచ్చి వెళ్ళిన మర్నాడు.

"ఇంకెనక్కి నేదా?" అంది అమ్మ.

"లేదమ్మా. చెరిగిపోయింది."

అమ్మ తెర మీంచి కళ్ళు తీయలేదు. రెండు వారాల మాట అమ్మకీ తెలుసు. మావయ్య అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో. కొట్టావిడ తప్పు తనదే అయినట్టు నిలబడిపోయింది.

కాసేపటికి అమ్మ అడిగింది. "ఆడు ఎక్కడ నిలబడ్డాడమ్మా?"

ఆవిడ కౌంటరు ముందు నేల చూపించింది. నల్ల టేపు ముక్క ఇంకా ఉంది. తడిగుడ్డ పెట్టి పెట్టి ఒక అంచు లేచి, దుమ్ము పట్టి ఉంది.

అమ్మ లేచి వెళ్ళింది. టేపు మీద కాలు పెట్టలేదు. దానికి ఒక పక్కగా, ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి నిలబడింది. కొంగు సర్దుకుని, తలెత్తి కెమెరా వైపు చూసింది.

"సూడు" అంది నాతో.

ఎప్పుడూ మావయ్య కూర్చునే చోట నేను కూర్చున్నాను. కెమెరా ఆయన బిగించి వెళ్ళినట్టే ఉంది. నిలబడిన మనిషి ముఖం సరిగ్గా మధ్యకి వచ్చేలా పెట్టాడు. ఆ మధ్యలో ఎవరూ లేరు. ఒక పక్కకి అమ్మ ఉంది.

"కనబడతన్నావమ్మా" అన్నాను. వీధిలోకి వినబడేలా అన్నానని తర్వాత తెలిసింది.

"ఇంకాసేపుంటాను" అంది అమ్మ.

కొట్టావిడ గుడ్డ కత్తిరించబోయి ఆగింది. ఎవరూ రాలేదు. తెర మీద అమ్మ ఉంది, నల్ల టేపు ముక్క ఉంది, ఆ టేపు మీద మధ్యాహ్నపు వెలుగు ఉంది. అమ్మ పక్కకి చూడకుండా, ఫొటో తీయించుకునేవాళ్ళలా కదలకుండా నిలబడింది.