దుప్పటి చాటు ఇంగ్లీషు

యూనివర్సిటీలో మొదటేడు పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఆవిడని పిల్లలు చాటుగా దుప్పటి మేడమ్ అనేవారు. చాటుగా అనుకున్నారే గానీ ఆవిడ చెవిన పడుతూనే ఉండేది. పడినా నొచ్చుకునేది కాదు. అంతకుముందు ఆవిడకి పెట్టిన పేరు ఎర్రపెన్ను. దానికంటే దుప్పటి నయం కదా, కాస్త వెచ్చగా అయినా ఉంటుంది అనేది ఇంటికొచ్చి ఆడపడుచుతో.

ఆవిడ క్లాసు పై అంతస్తులో చివరి గది. ఫ్యాను వేస్తే కిర్రుమని గోల, ఆపితే ఉక్క. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా మూసుకోదు, సందులో మడతపెట్టిన అట్టముక్క కుక్కి ఉంచేవారు. అక్కడికొచ్చే పిల్లలంతా చిన్నప్పటినుంచీ సొంత భాషలో చదువుకుని వచ్చినవాళ్ళు. ఇంగ్లీషు రాయమంటే రాస్తారు, చదవమంటే గడగడా చదువుతారు. లేచి నాలుగు మాటలు సొంతంగా చెప్పమంటే మాత్రం నోరు కుట్టేసినట్టు నిలబడిపోతారు. అప్పటిదాకా మెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరిచిన మగపిల్లలు కూడా, లేచి నిలబడగానే గోళ్ళు చూసుకునేవారు. ఒకడు తడబడితే ఇంకొకడు కిసుక్కుమంటాడు. ఆ కిసుక్కుతో క్లాసు క్లాసంతా బిగదీసుకుపోతుంది.

ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. పాటలు వినిపించింది, ఆటలాడించింది, బతిమాలింది, విసుక్కుంది. రోజంతా గోడతో మాట్లాడి వచ్చినట్టుంది అని ఇంటికొచ్చి చెప్పుకునేది. విని భర్త చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. ఆయనా గోడలాంటివాడే మరి. బస్సు డిపోలో మెకానిక్కు. మొరాయించే ఇంజనుతో మాట్లాడతాడేమో గానీ ఇంట్లో మనుషులతో మాత్రం ఊఁ, ఆఁ తప్ప ఉండేది కాదు.

ఆయనకి దవడలో జబ్బు చేసింది. ఆపరేషనయ్యాక ముఖం ఒకపక్క లోపలికి పోయింది. ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేస్తే మొదటిరోజే అడిగాడు, నా చుట్టూ ఏదైనా కట్టండి, నన్ను చూస్తూ మాట్లాడకండి అని. ఆయన చెల్లెలు పెళ్ళి చేసుకోకుండా వాళ్ళతోనే ఉండేది, ఇంటి పనంతా ఆమెదే. ఆమే బీరువాలోంచి నీలం చారల దుప్పటి తీసి, మంచానికి అడ్డంగా తాడు కట్టి వేసింది.

ఆ దుప్పటి వెనకనుంచి ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. పెళ్ళయినప్పటినుంచీ పొట్టలో దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. డిపోలో చేరిన కొత్తలో స్పానరు పట్టుకోవడానికే చేతులు వణికిన సంగతీ, చెల్లెలి పలక విరగ్గొట్టి నేరం పిల్లి మీదికి తోసేసిన సంగతీ, తనకి చూసిన పిల్ల ఇంగ్లీషు పాఠాలు చెబుతుందని విని ఊరొదిలి పారిపోదామనుకున్న సంగతీ. మాట ముద్దముద్దగా వచ్చేది, అయినా ఆపేవాడు కాదు. ఇవతల కుర్చీలో ఆవిడ పేపర్లు దిద్దుకుంటూ వినేది. ఊఁ కొట్టడం ఇప్పుడు ఆవిడ వంతయింది.

వానాకాలం అయిపోకముందే ఆయన పోయాడు.

సెలవయ్యాక ఆవిడ మళ్ళీ క్లాసుకి వెళ్ళింది. పాఠం చెప్పి, ఎవరినో లేపి, నీ గురించి చెప్పు బాబూ అంది. ఆ అబ్బాయి ఆవిడ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నన్ను చూడకండి అని మంచంమీది మనిషి అడిగినప్పటి చూపు అది. ఆవిడ ఇంకేమీ అడగకుండా కూర్చోమంది.

మర్నాడు పొద్దున ఉతికి పెట్టిన దుప్పటిని సంచిలో కుక్కుతుంటే ఆడపడుచు చూసింది.

"ఇంట్లో తీసేసిన తెర కాలేజీలో కడతావా వదినా?"

"కడదామనే. నీకు కష్టమనిపిస్తే చెప్పు, ఇంకోటి కొంటాను."

ఆడపడుచు సంచిలోంచి దుప్పటి పైకి తీసి, తాడు దూర్చడానికి వీలుగా ఒక అంచు మడిచి, మిషను మీద కుట్టేసి ఇచ్చింది. కుట్టు కాస్త వంకర పోయింది, ఆమె కుట్టు ఎప్పుడూ అలా పోదు.

క్లాసులో మేకులు కొట్టినవాడు అటెండరు. కొడుతున్నంతసేపూ, నాటకం ఏ రోజు మేడమ్, టిక్కెట్టెంత పెడదాం అని ఒకటే సణుగుడు. డిపార్టుమెంటు హెడ్డు పెద్దాయన గుమ్మంలోనే ఆగి, ఇది యూనివర్సిటీ అమ్మా, దుప్పట్లు ఆరేసుకునే డాబా కాదు అన్నాడు. పరీక్షల దాకా ఉండనివ్వండి, ఆ తర్వాత నేనే విప్పేస్తానని ఆవిడ అంటే, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

పద్ధతి చాలా తేలిక. ఒకరు దుప్పటి వెనక కుర్చీలో కూర్చోవాలి, మిగతావాళ్ళంతా ఇటు. వెనకున్నవాళ్ళు ఇంగ్లీషులో ఏదైనా చెప్పొచ్చు, తప్పు పోయినా ఎవరూ దిద్దరు. మొదట్లో నవ్వులే నవ్వులు. తర్వాత ఒకడు, హాస్టల్లో తన సబ్బు ఎవరో రోజూ అరగదీసేస్తున్నారని వాపోయాడు. అన్నీ తప్పులే, అయినా ఆ దొంగ చెయ్యి ఎంత లావుంటుందో, ఎంత జిడ్డుంటుందో వర్ణించుకుంటూ పోయాడు. బెంచీల మీదున్న వాడి గదిమేటు ఉండబట్టలేక, నా చెయ్యేం లావు కాదురా అని ఇంగ్లీషులోనే అరిచి దొరికిపోయాడు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ కోసం పిల్లలు వంతులు వేసుకున్నారు. ఆవిడ ఎర్రపెన్ను బల్లసొరుగులోకి పోయింది.

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉంది. పేరడిగితే పక్కనున్నవాళ్ళకి కూడా వినబడనంత మెల్లగా చెప్పిందని అందరూ ఆమెని గుసగుస అనేవారు. వాళ్ళమ్మ ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. పిల్ల లెక్కల్లో పులి, బోర్డు మీద సుద్దముక్క పరుగులు తీస్తుంది. కానీ ఏడాది చివర ఇంగ్లీషుకి నోటి పరీక్ష ఉంటుంది. బయటనుంచి వచ్చినవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడాలి. కిందటేడు ఆ పిల్ల లోపలికెళ్ళి, కూర్చుని, నోరు విప్పకుండానే లేచొచ్చేసి, మళ్ళీ ఈ మొదటేడులోనే కూర్చుంది. ఈసారీ తప్పితే సీటు పోతుంది. మూటాముల్లే సర్దుకుని వెళ్ళి ఇస్త్రీపెట్టె పట్టుకోవాల్సిందే.

దుప్పటి వెనకకి వెళ్ళిన రోజు ఆ పిల్ల గొంతు విని అందరూ ముఖాలు చూసుకున్నారు. బొంగురుగా, నిండుగా ఉంది. కస్టమర్ల చొక్కా జేబుల్లో దొరికే వస్తువుల గురించి చెప్పింది. బస్సు టిక్కెట్లూ, గుండీలూ, ఒకసారి ఎవరిదో పన్ను. మేడమ్‌కి కడుపు నిండిపోయింది.

అయితే పరీక్షగదిలో తెర కట్టరు కదా. అందుకని ఆవిడ ఒక ఉపాయం చేసింది. దుప్పటి కట్టిన తాడుని వారానికి కాస్త కిందికి దించాలి. ముందు జుట్టు కనబడుతుంది, తర్వాత కళ్ళు, తర్వాత ముఖమంతా. ఇలా మెల్లగా అలవాటైపోతుందనుకుంది. దించిన దుప్పటి నేలకి రాసుకోకుండా ఆడపడుచు వారం వారం కింది అంచు మడిచి కుట్టి ఇచ్చేది. మిగతా పిల్లలకి ఇబ్బంది లేకపోయింది, కొందరైతే దుప్పటి మీదుగా తలలు బయటపెట్టి మాట్లాడేవారు. గుసగుస మాత్రం దుప్పటి దిగిన కొద్దీ తనూ ఇంకా కిందికి పోయింది. ముందు కుర్చీలో జారి కూర్చుంది. తర్వాత వంగి కూర్చుంది. ఆఖరికి కుర్చీ పక్కకి జరిపేసి నేల మీద ముడుచుకుని కూర్చుని, చెప్పాల్సిందంతా చక్కగా చెప్పింది.

ఆ సాయంత్రం మేడమ్ అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయింది. దాక్కోవడం మాన్పిద్దామనుకుంటే ఇంకా బాగా దాక్కోవడం నేర్పానని ఆడపడుచుతో అంది. పరీక్ష దగ్గరికొచ్చేసింది. వాళ్ళమ్మకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

మర్నాడు క్లాసులో ఎవరినీ పిలవబుద్ధి కాలేదు. దుప్పటి ఊరికే వేలాడుతోంది. అప్పుడు సబ్బు పిల్లాడు లేచి, మేడమ్, మీరొక్కసారి కూడా అటు కూర్చోలేదు అన్నాడు. అందరూ అవును అవును అన్నారు. సరే అని ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ పిల్ల కూర్చున్నట్టే నేల మీద కూర్చుంది. అక్కడినుంచి చూస్తే పిల్లల కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. దుప్పటికి సబ్బు వాసన వస్తోంది, ఇంకే వాసనా లేదు.

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోటికి ఆయన సంగతే వచ్చింది. ఇలాంటి దుప్పటి వెనకనుంచి మా ఆయన నాతో మాట్లాడేవారు అని మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా చెబుతున్న భాష, తడుముకోకుండా సాగింది. ఒకరోజు బయట జోరుగా వాన పడుతోందనీ, ఆయన లోపలినుంచి తనని పిలిచారనీ చెప్పింది. అక్కడ ఆగిపోయింది. మాటలు తెలియక కాదు, వస్తే గదా.  ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

అప్పుడు ఇటువైపు బెంచీల్లోంచి ఒక బొంగురు గొంతు ఇంగ్లీషులో అడిగింది.

"పిలిచి ఏమన్నారు మేడమ్?"

అందరూ తలలు తిప్పి చూశారు. గుసగుసకి వాళ్ళు చూస్తున్నారన్న ధ్యాసే లేదు. బెంచీ మీదినుంచి సగం లేచి, దుప్పటి వైపే చూస్తోంది.

"వాన తగ్గిందా అని అడిగారు" అంది మేడమ్.

"తగ్గిందా?"

"తగ్గలేదు. ఆయన మనసు తేలికపడుతుందని తగ్గిందని చెప్పాను."

"అప్పుడేమన్నారు?"

"అబద్ధాలకోరూ, నాకు చెవులు బాగానే ఉన్నాయి, అన్నారు."

క్లాసు నవ్వింది. మేడమ్ కూడా దుప్పటి వెనక కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

బెల్లు కొట్టాక ఆ పిల్లని ఆపింది. ఇవాళ అందరి ముందూ మాట్లాడావు, తెలుసా అంటే ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "నేను మాట్లాడలేదు మేడమ్. అడిగానంతే."

 పరీక్షలో కూడా అంతే చెయ్యి అంది మేడమ్. జవాబు రాకపోతే వాళ్ళలో నీకు తెలుసుకోవాలనిపించింది ఏదైనా ఉంటే అడిగెయ్యి. పరీక్ష పెట్టేవాళ్ళని నేనడగడమేమిటి, కసురుతారేమో అని ఆ పిల్ల భయపడింది. కసిరితే కసరనీ, నోరు తెరిచావని అయినా తెలుస్తుంది అంది మేడమ్. చెప్పడానికి చెప్పింది గానీ ఆవిడ గుండెలోనూ గుబులే. నిజంగా కసిరితే ఆ పిల్ల ఇంక జన్మలో పెదవి విప్పదు. ఆ మిగిలిన రోజుల్లో పిల్ల క్లాసులో అందరినీ అడగడం అలవాటు చేసుకుంది. చివరికి అటెండర్నీ వదల్లేదు. పాపం ఆయన ఏమడిగినా ఎస్ అనేవాడు, మీకు పెళ్ళాలెందరు అన్నా ఎస్ అనేవాడు.

పరీక్ష రోజు సొంత మేడమ్‌లని లోపలికి రానివ్వరు. ఆవిడ కారిడార్లో బల్ల మీద కూర్చుంది. పక్కన గోడకానుకుని అటెండరు. బయటనుంచి వచ్చిన పెద్దాయన, ఆయనతో ఒకావిడ లోపలున్నారు. గుసగుస వెళ్ళింది, తలుపు పడింది. పెద్దాయన గొంతు ఏదో అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. లేదు. కుర్చీ కదిలిన చప్పుడైంది. లేచొచ్చేస్తోంది, అయిపోయింది అనుకుంది మేడమ్. వేళ్ళు పమిట కొంగుని మెలిపెడుతున్నాయి.

తలుపు తెరుచుకోలేదు. బొంగురు గొంతు ఏదో అడిగింది.  కసరబోతున్నాడు. కాదు, ఆ పెద్దాయన నవ్వాడు. నవ్వి, ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూనే ఉన్నాడు.

"పరీక్ష ఎవరికి మేడమ్?" అన్నాడు అటెండరు. "ఆయనే కదా వాగుతున్నాడు."

మేడమ్ వేలు పెదవి మీద పెట్టి ఊరుకోమంది. పెద్దాయన ఆగాడు. బొంగురు గొంతు అందుకుంది. ఆగి, తడబడి, మళ్ళీ అందుకుని సాగింది. మధ్యలో లోపలున్న ఆవిడ ఏదో అడిగింది. దానికీ జవాబు వచ్చింది.

పిల్ల బయటికొచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"ఏమడిగావే?"

"ఆయన కళ్ళజోడుకి దారం చుట్టి ఉంది మేడమ్. ఎవరు చుట్టారని అడిగాను. మనవరాలు దాని మీద కూర్చుని విరిచేసిందట, ఆ పిల్లే చుట్టి ఇచ్చిందట. మీ ఇంట్లో ఎవరు ఏం విరగ్గొడతారని నన్నడిగారు. చెప్పాను."

"ఎంతసేపు చెప్పావు?"

"ఇంక చాలమ్మా, బయట ఇంకా పిల్లలున్నారు అన్నారు."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. పెద్దాయన తరవాతివాళ్ళని పిలవడానికి తల బయటపెట్టాడు. దారం కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. మేడమ్ లేచి నిలబడింది. మీ పిల్లేనా అని అడిగాడాయన. అవునంది.

"పాసైంది, తీసుకెళ్ళండి. ఇంకాసేపుంటే మా ఇంటి గుట్టంతా లాగేసేలా ఉంది."

మేడమ్ చేతులు జోడించింది. బల్ల మీదున్న పిల్ల సంచి తీసి భుజానికి తగిలించి, ముందు కిందికెళ్ళి మీ అమ్మకి ఫోన్ చెయ్యి అంది.