పక్కింటి అవ్వ, ఉప్పునీటి చేపలు

ఎల్లారెడ్డిలో మా పక్కింటి అవ్వ ఎవరు కనబడినా "తిన్నవా బిడ్డా?" అనే పలకరించేది. దుబాయి నుంచి వచ్చిన కొడుకు ముందుగదిలో సముద్రపు చేపలకు ఉప్పునీటి అద్దాల తొట్టి పెట్టాడు. నెల తిరక్కముందే పగడపు రాళ్లను పచ్చటి పాచి కమ్మేసింది. ఆయన రాళ్లు తోమాడు, నీళ్లు మార్చాడు, ఎండ పడకుండా కిటికీకి దుప్పటి కట్టాడు. పాచి తగ్గలేదు సరికదా, ఒక చేప చచ్చిపోయింది.

ఓ మధ్యాహ్నం నేనూ ఆయనా లోపలికి వెళ్లేసరికి అవ్వ తొట్టిలో జొన్నరొట్టె నలిపి వేస్తోంది.

"గందుకేనా గింత పాచి! మిగిలింది కుళ్లి పాచైతదే అవ్వా!" అన్నాడు కొడుకు.

"నోరు తెరుస్తనే ఉన్నయి కదరా. చూసుకుంట ఎట్లుండాలె?"

ఆయన నవ్వి, మేత డబ్బా ఆమె చేతికే ఇచ్చాడు. "నువ్వే పెట్టు. దినాం ఒక్క చిటికెడే."

మెల్లగా తొట్టి తేటపడింది. అవ్వ మాత్రం ఆ చిటికెడు వేసి, చేపలు మళ్లీ నోరు తెరిచేలోపే ముఖం తిప్పుకుని వంటింట్లోకి పరుగెత్తేది.