కుండమూతల కనకవ్వ

కనకవ్వకు ఒక్కటే అలవాటు. ఎవరింటికి పోయినా ముందు పొయ్యి దగ్గరికి పోయి కుండ మూత తీసి చూడాలి. కూర్చోమనేలోపే మూత తీసేది. మంచినీళ్లిచ్చేలోపే వేలు ముంచి చప్పరించేది. ఆ తర్వాత తీర్పు. అది కూడా పొయ్యి దగ్గర చెప్పి ఊరుకునేది కాదు. వాకిట్లోకి వచ్చి, హుజూరాబాద్ సాలెవాడ మొత్తానికీ వినబడేటట్టు చెప్పేది.

"రామవ్వింట్ల చారు పుల్లగున్నది. చింతచెట్టే పిసికినట్టున్నరు."

పెండ్లిళ్లలో వంటవాళ్లు ఆమె వస్తున్నదని తెలిస్తే గంగాళాలకు కాపలా పెట్టేవాళ్లు. ఒకసారి జమ్మికుంట బస్సులో పక్కనున్నాయన టిఫిన్ డబ్బా విప్పి, "మాడింది" అని మళ్లీ మూసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన కోర్టు అమీను. కేసు పెడతానన్నాడు. "పెట్టు. జడ్జిసాబు గూడ ఒక ముద్ద తిని మాడిందనే అంటడు" అన్నది.

ఫాదర్ ఇన్నయ్య గుంటూరు వైపు నుంచి ఇక్కడి చర్చికి వచ్చిన మొదటి రోజే ఈ పరీక్షకు గురయ్యాడు. పెట్టె ఇంకా విప్పలేదు, వంటింట్లో మూత చప్పుడయింది.

"గిదేంది ఫాదరయ్యా?"

"గోంగూర పచ్చడమ్మా."

కనకవ్వ నాలుక బయటపెట్టి, చేత్తో విసురుకుని, వాకిట్లోకి నడిచింది. "కారం నూరి, మీద జర గోంగూర చల్లిన్రు" అని వాడకు ప్రకటించింది.

అది పందొమ్మిది వందల అరవై ఆరు. వానలు మొహం చాటేశాయి, నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. చర్చి పక్క గదిని ఫాదర్ ధాన్యపు కొట్టుగా మార్చాడు. అమెరికా నుంచి వచ్చిన గోధుమనూక, పాలపొడి, చుట్టుపక్కల రైతులను అడిగి తెచ్చిన జొన్నలు అందులో ఉండేవి. ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లయినా సరే, శుక్రవారంనాడు సంచి పట్టుకొని వస్తే పోసి పంపేవాళ్లు. కనకవ్వ సాలెవాళ్ల మనిషే. మొగుడు లేడు, పిల్లలు లేరు. నూకలో రాళ్లేరే పనికి కుదిరి, నెల తిరిగేసరికి కొట్టు తాళంచెవి బొడ్లో దోపుకుంది.

చిక్కేమిటంటే, ఆ తిండి ఎట్లా వండాలో ఎవరికీ తెలియదు. పాలపొడిని ఒకాయన గోడకు పూశాడు. ఇంకొకాయన గంజిలో కలిపి పడుగుకు పట్టించాడు. ఆ పడుగుతో నేసిన చీర కట్టుకున్నామె చుట్టూ ఈగలు ఊరేగాయని చెప్పుకున్నారు.

"ఇల్లిల్లు తిరిగి ఎట్లొండుతున్నరో చూసొస్త" అంది కనకవ్వ.

"మంచిదమ్మా" అన్నాడు ఫాదర్. ఆ ఒక్క మాటకు ఆయన మూడు నెలలు పశ్చాత్తాపపడ్డాడు.

రోజుకో ఫిర్యాదు వచ్చేది. ఐలవ్వ కొత్త కోడలి ఉప్మాను కనకవ్వ సిమెంటన్నదట. హనుమండ్లు గొళ్లెం పెట్టుకుంటే కిటికీలోంచి చెయ్యి పెట్టి మూత తీసిందట. చివరికి కులపెద్ద లక్ష్మీరాజమే వచ్చాడు. నెల రోజులుగా ఆయన కనకవ్వను వాడ నడుమ తిడుతూనే ఉన్నాడు. ఆ రోజు చర్చి మెట్లెక్కి, ఆయాసపడుతూ స్తంభం పట్టుకున్నాడు.

"ఫాదర్‌సాబ్, లింగమూర్తి అసుంట నేతగాడు మా వాడల లేడు. ఎవల ముంగట చెయ్యి చాపినోడు గాదు. నిన్న గా కనకవ్వ వాళ్లింట్ల సొచ్చి మూత దీసి, 'ఉప్పు తక్కువైంది' అని వాడంత ఇనవడేటట్టు ఒర్లింది. బాలింత పిల్ల వండుకున్నదానికి పేరు వెడ్తదా? ఆమెనన్న ఉంచుకోండి, మమ్ములనన్న ఉంచుకోండి."

ఫాదర్ కనకవ్వను పిలిచాడు. "ఇక ఎవరింటికీ వెళ్లకండి."

"మూత దియ్యకుంటె నాకు నిద్రవట్టదు ఫాదరయ్యా."

"అయితే తాళంచెవి ఇవ్వండి."

ఆమె బొడ్లోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. అంత నెమ్మదిగా ఇస్తుందని ఆయన అనుకోలేదు. అది ఆయనకు మరింత ఇబ్బందిగా అనిపించింది.

మధ్యాహ్నం క్షమాపణ చెప్పడానికి లింగమూర్తి ఇంటికి వెళ్లాడు. లింగమూర్తి నూలు కోసం జమ్మికుంట పోయాడట. భార్య బాలలక్ష్మి పసిబిడ్డను భుజాన వేసుకొని గడపలో నిలబడింది.

"మా కనకవ్వ మీ వంటను అలా అనడం తప్పమ్మా. ఉప్పు ఎక్కువో తక్కువో, అది మీ ఇంటి సంగతి."

బాలలక్ష్మి వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఉప్పు తక్కువన్నది నిజమే అయ్యా. కుండల ఉప్పు లేదు. బియ్యం లేవు, పప్పు లేదు. వట్టి నీళ్లు మరుగవెట్టిన. పొగ లేస్తె పక్కోళ్లు వంటయితుందనుకుంటరని."

ఫాదర్ గడప అవతలి పొయ్యి వైపు చూశాడు.

"కనకవ్వ మూత దీసి చూసింది. నేను సచ్చిపోయిననుకున్న. ఆమె గా నీళ్లల్లనే వేలు ముంచి చప్పరించి, వాకిట్లకు వొయ్యి, 'పప్పు మంచిగుడికింది గని ఉప్పు తక్కువైంది' అని ఒర్లింది. జర సేపయినంక కొంగుల నూక, పాలపొడి ముడేసుకొచ్చింది. 'వండి చూసి ఎట్లున్నదో చెప్పు బిడ్డా, నేను ఫాదరుకు చెప్పాలె' అన్నది. మా ఆయన గూడ పరీక్షకిచ్చిన్రనే తిన్నడు."

ఫాదర్ చర్చికి తిరిగి వచ్చేసరికి కనకవ్వ మెట్ల మీద కూర్చొని చేటలో రాళ్లేరుతూ ఉంది. ఆయన తాళంచెవిని చేట అంచున పెట్టి పక్కనే కూలబడ్డాడు.

"ఎన్ని ఇళ్లలో ఉప్పు తక్కువ?"

ఆమె తలెత్తలేదు. "పదకొండు."

"నాకు చెప్పొచ్చు కదా."

"శుక్రారం సంచి వట్టుకొని నిలవడలేనోళ్లు వాళ్లు. మీకు చెప్తె ఎదురైనప్పుడల్ల జాలిగ చూస్తరు. మీ మొకం చూస్తె వాడకంత ఎరుకైతది."

అది నిజమేనని ఫాదర్‌కు తెలుసు. మొహం తుడుచుకున్నాడు. "సరే, రేపు లక్ష్మీరాజం వచ్చి అడిగితే ఏం చెప్పమంటారు?"

"ఆయనింట్ల గూడ తక్కువే."

"ఫిర్యాదు చేసింది ఆయనే కదమ్మా."

కనకవ్వ చేట కింద పెట్టింది. "కులపెద్దాయె, నూక తీసుకునేతందుకు చెయ్యి రాలే. 'వాడ నడుమ రోజూ నన్ను జర తిట్టు బావా, తిట్టెటోడు నేనిచ్చిన నూకనే తింటుండని ఎవలనుకుంటరు' అన్న. జర తిట్టుమంటె గీయన మీ దాంక వచ్చిండు."

ఫాదర్ లేచి కొట్టు తలుపు తానే తీశాడు. ఆమె కొంగు పట్టింది. ఆయన రెండు మానికల నూక పోసి, ఒక క్షణం ఆగి, ఇంకొకటి పోశాడు. కనకవ్వ ముడి వేసుకొని, పైట సర్దుకొని సాలెవాడ వైపు నడిచింది.

కాసేపటికి సందులోంచి లక్ష్మీరాజం తిట్లు మొదలయ్యాయి. ఫాదర్ మెట్ల మీద నిలబడి విన్నాడు. పొద్దున స్తంభం పట్టుకొని మాట్లాడిన మనిషేనా అనిపించేంత గట్టిగా, ఏడు తరాలనూ వరసగా, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా తిడుతున్నాడు.