పాలపడవ రాని నాటి టీ

యానాం ఆటోస్టాండు పక్కన టీ బండి మీద దంచిన అల్లం ఘాటూ, అప్పుడే పిండిన నిమ్మచెక్క వాసనా కలిసి గాలిలో తేలివచ్చినప్పుడల్లా, అక్కడ నిలబడ్డవాళ్లకు నేనొక సంగతి చెబుతుంటాను: ఈ టీని ఈ ఊళ్లో మొట్టమొదట పెట్టించింది నేనేనని, అప్పటికి నాకు ఏడేళ్లని, ఆ టీతోనే మా అక్క చదువు నిలబెట్టానని.

అప్పటికి వంతెన లేదు. పాలు ఎదుర్లంక నుంచి పడవలో గోదారి దాటి వచ్చేవి. శ్రావణంలో నీళ్లు ఎర్రబడి, కొట్టుకొచ్చిన దుంగలు రేవు మెట్లకు తగులుతుంటే, ఏ దుంగ ఎవరిదో పందేలు వేసుకుంటూ తడిసేవాళ్లం. పడవ రాదని తెలిస్తే ఆడవాళ్లు ముందురోజు పాలు కాచి దాచుకునేవారు.

అలాంటి ఒక రోజు బడి టీచరమ్మగారు గొడుగేసుకుని మా ఇంటికి వచ్చారు. ఐదో తరగతితో అక్కను మాన్పించేస్తానని నాన్న తేల్చేశారు. ఆయన్ను ఒప్పించాలని ఆవిడ వచ్చారు. తలుపు వెనక అక్క పలక గుండెలకు హత్తుకుని నిలబడింది. ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడమంటే అమ్మకు తల కొట్టేసినట్టే. తీరా చూస్తే ఉట్టి మీద దాచిన పాలు లేవు. “అల్లం దంచి నిమ్మకాయ పిండమ్మా” అన్నాను నేను.

నిజానికి అనలేదు. ఆ ఉపాయం అమ్మదే. జలుబుకు కాచే అల్లం కషాయంలో చిటికెడు టీపొడి వేసి, బెల్లం కలిపి, దించాక నిమ్మరసం పిండింది. నల్లటి డికాక్షను కళ్లముందే తేనెరంగుకు తిరిగితే నోరు తెరిచి చూశాను. అమ్మకు అది ఎలా తట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఫ్రెంచి దొరల ఇళ్లలో వంట చేసినవాళ్లెవరైనా చెప్పారా, చేతికందింది వేసేసిందా? అడుగుదామంటే అమ్మ లేదు. పాలపడవలూ లేవు. మొత్తానికి టీచరమ్మగారు రెండు గ్లాసులు తాగి, మాటల్లో పెట్టి నాన్నను ఒప్పించారు.

ఇంతవరకూ రాసి, మెట్టకూరు నుంచి వచ్చిన అక్కకు చదివి వినిపించాను. పంతులమ్మగా రిటైరైన మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంది:

“ఒరేయ్, ఉట్టి మీద పాలు తాగేసింది నువ్వు. అది రాయలేదేం? టీచరమ్మగారు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసేరు. రెండు గ్లాసులు తాగింది నాన్న. ఆవిణ్ణి కాదనే పంపించేసేరు కూడాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ టీయే కావాలని పీటేసుక్కూర్చున్నారు. ‘పిల్ల బడికెళ్తే కాస్తాను, లేకపోతే మీరే కాచుకోండి’ అంది అమ్మ.”